గోదావరి పల్లెలకు ఇంటర్నెట్టు వచ్చిన వైనం

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘ కార్యదర్శి గారు అడిగినప్పుడు, సర్వీసు నాటి జ్ఞాపకాలు వ్రాసేవారు చాలామంది ఉన్నారు గనుక నేను వేరే విషయం ఎత్తుకుంటానని చెప్పాను. మన గోదావరి పల్లెలకు ఇంటర్నెట్టు తీగ ఎలా వచ్చింది, దానికి సర్కారు సొమ్ము ఏ పద్దు నుంచి వచ్చింది, "వచ్చింది" అని ఏ కొలత పెట్టుకుని వ్రాసుకున్నారు అన్నదే ఆ విషయం. ఇది కుర్రకారు వ్యవహారమని పక్కన పెట్టడానికి వీలు లేదు. 2014 నవంబరు 10న కేంద్రం జీవన్ ప్రమాణ్ ప్రారంభించిన తర్వాత, మనం బ్రతికే ఉన్నామన్న సాక్ష్యం కూడా వేలిముద్ర రూపంలో తీగ మీదనే వెళుతున్నది. 2018 ఏప్రిల్ నుంచి మన రాష్ట్ర ఖజానా లావాదేవీలు సి.ఎఫ్.ఎం.ఎస్. పద్ధతిలోకి మారాయి. పెన్షను స్లిప్పు చూసుకోవాలన్నా కంప్యూటరు తెరవవలసిందే. లైను లేని ఊళ్ళో ఉన్న పెన్షనరు ఆటో మాట్లాడుకుని మండల కేంద్రానికి పోవాలి. డెబ్బై అయిదు దాటి, మోకాళ్ళు మాట వినని వారికి అది ఎంత ప్రయాణమో మన పాఠకులకు నేను చెప్పనక్కర లేదు.

నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేసి రిటైరైన వాణ్ణి. మా సెక్షనుకు వచ్చే అర్జీలలో ఎక్కువ భాగం శివారు రైతులవే. 1847లో పని మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట నుంచి ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం దగ్గర మూడు డెల్టాలకూ కాలువలు బయలుదేరతాయి. ప్రధాన కాలువలోకి ఇన్ని క్యూసెక్కులు వదిలామని రిజిస్టరు చెబుతుంది. అది అబద్ధం కాదు. కాని పిల్ల కాలువ దాటి, బోదె దాటి, చివరి చేనులో తడి ఉన్నదా లేదా అనే గడి ఆ రిజిస్టరులో ఉండదు. ఆ గడి లేకపోవడం వల్లనే ఇంటర్నెట్టు కథ కూడా ఇలా నడిచిందని నా అభిప్రాయం.

ఇంటర్నెట్టు కంటే ముందు కరెంటుకూ ఇదే జరిగింది. 1997 దాకా ఒక ఊరి రెవెన్యూ పరిధిలో ఎక్కడైనా, ఏ అవసరానికైనా కరెంటు వాడితే చాలు, ఆ ఊరు విద్యుదీకరణ జరిగిన గ్రామాల జాబితాలోకి చేరిపోయేది. పొలంలో ఒక మోటారు తిరిగితే ఊరంతా వెలిగినట్లే లెక్క. 1997లో, కాదు, జనం నివసించే చోట కరెంటు ఉండాలన్నారు. 2004లో కనీసం నూటికి పది ఇళ్ళలోనూ, బడి, పంచాయతీ కార్యాలయం వంటి చోట్లనూ ఉండాలన్నారు. కొలత మారిన ప్రతిసారీ, నిన్నటిదాకా వెలుగుతున్న ఊళ్ళు కొన్ని కాగితం మీద చీకటైపోయాయి.

టెలిఫోను సంగతి మన వయసు వాళ్ళకు బాగా గుర్తు. ట్రంకు కాల్ బుక్ చేసి పోస్టాఫీసు అరుగు మీద పూటంతా కూర్చున్నవాళ్ళమే మనం. 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ మన దుమ్ముకూ ఎండకూ తట్టుకునే 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీలు తయారు చేయడంతో పల్లెల్లో ఫోను మోగడం మొదలైంది. వీధి చివర పసుపు రంగు ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. 1994 జాతీయ టెలికాం విధానం 1997 నాటికి అన్ని గ్రామాలకూ ఫోను అన్నది. ఊరికి ఒక ఫోను ఉంటే ఆ ఊరు చేరినట్లే. ఆ ఒక్క ఫోను ఎవరో ఒక పెద్దమనిషి ఇంట్లో ఉండేది, తలుపు గొళ్ళెం తీస్తేనే మాట. పైగా చాలా ఊళ్ళలో అవి రేడియో పద్ధతి మీద పని చేసే ఫోన్లు. అవి తరచు మూగబోతుండటంతో తర్వాతి కాలంలో దేశం మొత్తం మీద 1.8 లక్షలకు పైగా ఫోన్లను సర్కారు ఖర్చుతో మార్చవలసి వచ్చింది. మార్చేదాకా అవి పని చేస్తున్న ఫోన్ల లెక్కలోనే ఉన్నాయి.

ఆ ఖర్చు పెట్టిన నిధి గురించి గుమాస్తాగా నాకు ప్రత్యేకమైన ఆసక్తి. 1999 టెలికాం విధానం ప్రకారం 2002 ఏప్రిల్ 1 నుంచి సార్వత్రిక సేవా నిధి అమలులోకి వచ్చింది. 2003లో పార్లమెంటు టెలిగ్రాఫు చట్టాన్ని సవరించి దానికి చట్టబద్ధత కల్పించింది. టెలికాం కంపెనీలు లైసెన్సు ఫీజులో భాగంగా తమ సవరించిన స్థూల ఆదాయం మీద 5 శాతం దీనికి కట్టాలి. అంటే మన ఫోను బిల్లులోంచే. పట్నం వాడు మాట్లాడిన దానిలో కొంత పల్లె తీగకు పోవాలన్నది ఉద్దేశం, మంచి ఉద్దేశమే. అయితే ఆ సొమ్ము నేరుగా నిధిలో పడదు. ముందు దేశపు సంచిత నిధికి జమ అవుతుంది, పార్లమెంటు కేటాయించినప్పుడే ఈ నిధికి మళ్ళుతుంది. వసూలు ఒక పద్దు, ఖర్చు మరొక పద్దు. ఖజానాలో పని చేసిన మన మిత్రులకు ఇక్కడే నవ్వు వస్తుంది. రెండు పద్దుల మధ్య ఎంత కాలం గడుస్తుందో వాళ్ళకు తెలుసు. మొదట్లో ఈ నిధి ఫోన్లకే పరిమితం. 2006 సవరణతో గాని సెల్ ఫోన్లకూ, బ్రాడ్‌బ్యాండుకూ ఖర్చు పెట్టే వీలు కలగలేదు.

ఈలోగా మన జిల్లాలు ఊరికే కూర్చోలేదు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్టు తెరిస్తే, 2002లోనే పశ్చిమ గోదావరి జిల్లాలో పల్లె ప్రాంతాలకు ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. స్వయం సహాయక సంఘాల మహిళలు వాటిని నడిపారు. డ్వాక్రా మహిళ కంప్యూటరు ముందు కూర్చుని కరెంటు బిల్లు కట్టించుకోవడం ఆ రోజుల్లో చూడముచ్చటగా ఉండేది. ఆ ప్రయత్నానికి రావలసినంత పేరు రాలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. 2005లో రాష్ట్ర ప్రభుత్వం జిల్లా కేంద్రాలనూ మండలాలనూ గ్రామాలనూ కలిపే పెద్ద పథకం ఒకటి ప్రకటించింది గాని, అది చెప్పినట్లుగా గ్రామాలకు చేరలేదు.

2009 జనవరిలో సార్వత్రిక సేవా నిధి నుంచి బి.ఎస్.ఎన్.ఎల్. కు రాయితీ యిచ్చి పల్లె ఎక్స్ఛేంజీల నుంచి రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండు యిప్పించే ఏర్పాటు జరిగింది. దేశం మీద 8.6 లక్షల కనెక్షన్లు లక్ష్యం, వేగం కనీసం 512 కిలోబిట్లు. ఇక్కడ రాగి తీగ గుణం ఒకటి చెప్పాలి. ఎక్స్ఛేంజి నుంచి దూరం పెరిగిన కొద్దీ దానిలో సంకేతం నీరసిస్తుంది. రెండు మూడు కిలోమీటర్లు దాటితే వేగం పడిపోతుంది. అంటే ఎక్స్ఛేంజి పక్క వీధికి పుష్కలంగా, లంక గ్రామానికి చుక్కలుగా. మళ్ళీ శివారు బాధే.

గాజు తీగకు, అంటే ఆప్టికల్ ఫైబరుకు, ఈ నీరసం చాలా తక్కువ. అందుకని 2011 అక్టోబరు 25న కేంద్ర మంత్రివర్గం రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబరు వేయాలని తీర్మానించింది. మొదటి అంచనా సుమారు 20,000 కోట్లు, సొమ్ము సార్వత్రిక సేవా నిధిది. 2012లో భారత్ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ అనే సంస్థను స్థాపించారు. దేశంలో మూడు చోట్ల ముందుగా ప్రయోగం చేశారు. రాజస్థాన్‌లో అరాయిన్, త్రిపురలో పాణిసాగర్, మూడవది మన తెలుగునాట విశాఖపట్నం జిల్లా పరవాడ. ఇప్పుడది అనకాపల్లి జిల్లాలో ఉన్నది. పథకం గడువులు దాటిపోతే పరిశీలించడానికి వేసిన సంఘానికి అధ్యక్షులు ఆంధ్రప్రదేశ్ కేడరు ఐ.ఏ.ఎస్. అధికారి జె. సత్యనారాయణ గారు. ఆయన సంఘం 2015 మార్చిలో నివేదిక యిచ్చి రాష్ట్రాలను కలుపుకుని పోవాలన్నది. పథకం భారత్‌నెట్ అయింది.

ఈ పథకంలో మన కథకు కీలకమైన మాట ఒకటుంది. మండల కేంద్రం దాకా అప్పటికే బి.ఎస్.ఎన్.ఎల్., రైల్‌టెల్, పవర్‌గ్రిడ్ సంస్థల ఫైబరు ఉన్నది. కొత్తగా వేయవలసింది మండలం నుంచి పంచాయతీ దాకా. పంచాయతీ కార్యాలయంలో పెట్టె పెట్టి దీపం వెలిగితే ఆ పంచాయతీ "సిద్ధం" అని వ్రాసుకున్నారు. 2017 డిసెంబరు నాటికి లక్షకు పైగా పంచాయతీలు అలా సిద్ధమయ్యాయి. పంచాయతీ కార్యాలయం నుంచి ఇళ్ళకు తీగ వేసేది ప్రైవేటు ఆపరేటర్లు, కేబుల్ టి.వి. వాళ్ళు, ఇంకెవరైనా ముందుకు వస్తారని ఆశ. లాభం కనిపించిన చోట వచ్చారు. డెల్టాలో ఒక్కో పంచాయతీకి శివారు పేటలు, మెరకలు, లంకలు ఎన్నో. పది ఇళ్ళ కోసం రెండు కిలోమీటర్ల తీగ ఏ ఆపరేటరు వేస్తాడు? పెట్టె ఉన్నా పని చేయని చోట్లూ ఉన్నాయి. కరెంటు లేకనో, బ్యాటరీ పోయో, తీగ తెగో.

మన రాష్ట్రం మాత్రం వేరే దారి త్రొక్కింది, దాన్ని మెచ్చుకోవాలి. 2015లో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ ఏర్పడింది. భూమి తవ్వి తీగ వేస్తే సుమారు 5,000 కోట్లు అవుతుందని, ఉన్న కరెంటు స్తంభాల మీదుగా లాగితే 333 కోట్లతో సరిపోతుందని ప్రభుత్వం లెక్క వేసింది. సబ్‌స్టేషన్లనే కేంద్రాలుగా పెట్టుకుని 24,000 కిలోమీటర్ల మేర గాలిలో తీగ లాగే పని ఎత్తుకున్నారు. ఇంటిదాకా తీసుకువెళ్ళే పని ఊళ్ళో ఉన్న కేబుల్ ఆపరేటర్లకే అప్పగించారు. ఇంతకు ముందు చెప్పిన లోపానికి ఇది సరియైన మందు. కేబుల్ అబ్బాయికి ఊళ్ళో ప్రతి డాబా, ప్రతి కొబ్బరి చెట్టూ తెలుసు. ఆ పనుల టెండరు మీద 2021లో సి.ఐ.డి. కేసు పెట్టింది. అది రాజకీయంగానూ నలిగింది. మన సంఘానికి రాజకీయాలతో పని లేదు గనుక నేను దాని జోలికి పోను.

ఈ పథకానికి గోదావరి జిల్లాలో ముందు వెలిగిన ఊరు మోరి. సఖినేటిపల్లి మండలం, జీడిపప్పుకు పేరు పొందిన ఊరు. మోరి జీడిపప్పు తెలియని కోనసీమ ఇల్లు ఉండదు. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఉన్న సోలొమన్ డార్విన్ గారు స్మార్ట్ గ్రామం ప్రయోగానికి ఆ ఊరిని తీసుకున్నారు. 2016 డిసెంబరు 29న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు మోరికి వచ్చి ఇంటింటి ఫైబరును ప్రారంభించారు. ఇక్కడ లెక్క పంచాయతీ దగ్గర ఆగక ఇంటి దాకా వెళ్ళింది. మరుసటి ఏడు 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు అమరావతిలో పథకాన్ని జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలు, దాని మీద పన్ను. దానికి టి.వి. ఛానెళ్ళు, ఫోను, 15 మెగాబిట్ల ఇంటర్నెట్టు. ఆ ధరకు అంతకు ముందు పల్లెలో ఎవరూ యివ్వలేదు.

అయితే ఆ 15 మెగాబిట్లు నెలకు మొదటి 5 జి.బి. వరకే, తర్వాత 1 మెగాబిట్టు. ఇది మన దాళ్వా వంతుల నీరు లాంటిదే, వంతు అయిపోయాక తూము దించేస్తారు. మనవడు రెండు సినిమాలు చూస్తే తాతగారి వంతు ముగిసినట్లే.

స్తంభాల మీద తీగకు ఇంకో చిక్కు ఉన్నది. మనది తుఫాన్ల సీమ. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన రాత్రి కరెంటు స్తంభాలు, టెలిఫోను స్తంభాలు కలిసి పడిపోయాయి. తీరంలో ఉన్న మన వాళ్ళ క్షేమం తెలియక ఎన్ని ఇళ్ళలో ఎన్ని రోజులు అన్నం సహించలేదో మరచిపోలేము. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. కరెంటూ ఇంటర్నెట్టూ ఒకే స్తంభం మీద ఉంటే, చెట్టు ఒక్కటి పడితే రెండూ పోతాయి. 333 కోట్లు, 5,000 కోట్లు అన్న లెక్కలో ఈ మరమ్మతుల ఖర్చును ఎంతవరకు కలిపారన్నది అడగవలసిన ప్రశ్నే.

2019 అక్టోబరు 2న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారు గ్రామ సచివాలయాలను మన తూర్పు గోదావరిలో కరప గ్రామం నుంచే ప్రారంభించారు. అడంగల్ నకలు దగ్గర నుంచి పెన్షను దాకా అక్కడే అన్నారు. సచివాలయానికి లైను ప్రాణం. లైను పోతే "సర్వరు రావడం లేదండీ, సాయంత్రం రండి" అన్న మాట మనందరికీ కంఠస్థం. మా వీధిలో ఒకసారి తీగ తెగితే ఆ కంపెనీ మనిషి పన్నెండవ రోజున వచ్చాడు. కంపెనీ పేరు అనవసరం, అందరిదీ అదే తంతు.

లైను ఎంత ప్రాణమో 2022 మే నెలలో కోనసీమ మొత్తానికి తెలిసింది. 24వ తేదీన అమలాపురంలో జరిగిన అల్లర్ల తర్వాత ప్రభుత్వం సెల్ ఫోన్ ఇంటర్నెట్టును చాలా రోజులు ఆపివేసింది. ఇంటి దగ్గర నుంచి పని చేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు సంచిలో వేసుకుని గోదావరి గట్టుకు వెళ్ళి, అవతలి ఒడ్డు టవరు సిగ్నలు పట్టుకుని పని చేసుకున్నారు. పూర్వం పంటు కోసం జనం గుమిగూడిన రేవుల్లో ఆ పదిరోజులూ సిగ్నలు కోసం గుమిగూడారు. శాంతిభద్రతల అవసరాన్ని నేను కాదనను. కాని జీతం, చదువు, వైద్యం అన్నీ దాని మీదనే ఉన్నప్పుడు, ఆపడానికి కూడా ఒక కొలత ఉండాలి. 2020 జనవరి 10న కాశ్మీరు కేసులో సుప్రీం కోర్టు చెప్పింది కూడా అదే. గడువు లేకుండా ఆపరాదు, ఉత్తర్వులు ప్రకటించాలి అని.

ఇక వేగం కొలత. 2004 బ్రాడ్‌బ్యాండు విధానంలో సెకనుకు 256 కిలోబిట్లు వస్తే అది బ్రాడ్‌బ్యాండు. ఒక మెగాబైటు ఫోటో రావడానికి అర నిమిషం పైగా పడుతుంది. 2013లో దాన్ని 512 చేశారు. 2023 జనవరి 25న 2 మెగాబిట్లు చేశారు. అదే ఫోటో నాలుగు సెకన్లలో వస్తుంది. మంచిదే, కాని పదేళ్ళకు ఒక మెట్టు. ఫిన్లాండు 2010 జూలైలోనే 1 మెగాబిట్టు ప్రతి పౌరుడి హక్కు అని చట్టం చేసింది. అప్పుడు మన కొలత 256 కిలోబిట్లు. అమెరికా 2015లో 25 మెగాబిట్లు, 2024లో 100 మెగాబిట్లు బ్రాడ్‌బ్యాండుకు కొలత అన్నది. బ్రిటన్‌లో 2020 నుంచి 10 మెగాబిట్లు కోరే హక్కు ఉన్నది. ఆ దేశాలతో మనకు పోటీ అని కాదు. కొలత చిన్నదైతే లక్ష్యం చేరడం సులభం, సర్కారు లెక్కల్లో బ్రాడ్‌బ్యాండు ఇళ్ళ సంఖ్య పెద్దదిగా కనిపిస్తుంది.

మన నిర్వచనంలో మాటలు కూడా చూడండి. ముసాయిదాలు చదివి చదివి నాకీ జబ్బు పట్టుకుంది. 2004లోనూ 2023లోనూ "ఆ వేగానికి సామర్థ్యం కలిగిన" కనెక్షన్ అన్నారు గాని "ఆ వేగం యిచ్చే" అనలేదు. ఆ వేగాన్ని కొలిచేది కంపెనీ కేంద్రం నుంచి మన ఇంటి దాకా మాత్రమే, దానికి అవతల ఎంత రద్దీ ఉన్నా నిర్వచనానికి పట్టదు. కంపెనీ వాళ్ళ ప్రకటనలో "100 మెగాబిట్ల వరకు" అని ఉంటుంది. ఆ "వరకు" అనే మూడక్షరాలలో సున్నా కూడా ఇముడుతుంది. ట్రాయ్ 2006 నిబంధనలలో ఒప్పుకున్న వేగంలో కనీసం 80 శాతం యివ్వాలనీ, నూటికి 90 ఫిర్యాదులు మరుసటి పని దినానికల్లా తీరాలనీ, మూడు రోజులు దాటితే అద్దెలో తగ్గింపు యివ్వాలనీ ఉన్నది. 2024 అక్టోబరు 1 నుంచి ఆ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. నా పన్నెండు రోజులకు తగ్గింపు అడిగితే అక్కడి అమ్మాయి అటువంటిది ఒకటి ఉందనే వినలేదన్నది. లిఖితపూర్వకంగా ఫిర్యాదు సంఖ్య వేయించి, తేదీలు వ్రాసి పంపిన తర్వాత వచ్చింది. మొత్తం చిన్నదే. ఫిర్యాదు సంఖ్య లేకుండా ఫోనులో చెప్పి ఊరుకోవద్దని మాత్రం సభ్యులకు నా మనవి.

2023 డిసెంబరులో వచ్చిన కొత్త టెలికాం చట్టం సార్వత్రిక సేవా నిధికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చింది. 2024 ఆగస్టులో దాని నియమాలు వెలువడ్డాయి. అంతకు ముందు 2023 ఆగస్టు 4న కేంద్ర మంత్రివర్గం సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్లు మంజూరు చేసింది. 2011లో వేసిన మొదటి అంచనాతో పోల్చుకోండి. ఒక చోట తెగినా రెండో వైపు నుంచి వచ్చేటట్లు తీగను చుట్టు తిప్పి వేస్తారట. పదేళ్ళ నిర్వహణ కూడా ఒప్పందంలో కలిపారు, ఇది మునుపు లేని జాగ్రత్త. అన్నిటికన్నా ముఖ్యంగా అయిదేళ్ళలో కోటిన్నర పల్లె ఇళ్ళకు కనెక్షన్లు అని లక్ష్యంలో వ్రాశారు. పంచాయతీ కాదు, ఇల్లు. ఇన్నాళ్ళకు రిజిస్టరులో ఆ గడి గీశారు.

ఆ కోటిన్నరలో ఊరి మధ్య డాబాలు ఎన్ని, గట్టు అవతలి పేటలు ఎన్ని అన్న వివరం ఊరి వారీగా బయట పెట్టినప్పుడు గాని శివారు సంగతి తేలదు. అందుకని కార్యదర్శి గారు సంఘం ఆఫీసులో ఒక పుస్తకం తెరిచారు. లంకలలోనూ తీర గ్రామాలలోనూ ఉంటున్న సభ్యులు తమ ఊరు, పంచాయతీ కార్యాలయానికి దూరం, ఇంటికి లైను ఉన్నదీ లేనిదీ, ఉంటే గత ఏడాదిలో ఎన్ని రోజులు పని చేయలేదు అన్న వివరాలు పోస్టు కార్డు మీద వ్రాసి పంపండి. జీవన ప్రమాణ పత్రం కోసం మండల కేంద్రానికి ఎన్నిసార్లు తిరగవలసి వచ్చిందో కూడా వ్రాయండి. కార్డులు చేరిన తర్వాత పట్టిక వేసే పని నేను ఒప్పుకున్నాను.